అప్పు తీర్చడం కూడా పనే

ఈమధ్య బెంగళూరు కె.ఆర్. పురంలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు భోజనాల దగ్గర నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. అనంతపురం జిల్లాలో పల్లెటూరి బ్రాంచీల్లో చాలాకాలం బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటున్నారు. మాటల్లో డ్వాక్రా సంఘాల సంగతి వచ్చింది. "పంట అప్పు ఇచ్చినప్పుడల్లా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉండేవాళ్లమమ్మా. ఆడవాళ్లకిచ్చింది మాత్రం రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. పస్తులైనా ఉంటారుగానీ కంతు తప్పరు" అన్నారు.

ఆయన మెచ్చుకుంటూనే అన్నారు. ఎండలో ఊళ్లు తిరిగి, వేలిముద్ర వేసేవాళ్లకు సంతకం నేర్పించి ఖాతాలు తెరిపించిన మనిషి. ఆ ఆడవాళ్ల మీద ఆయనకున్న గౌరవం మాటలోనే తెలుస్తోంది. అయినా ఆ "పస్తులైనా ఉంటారు" అన్నది నాకు మింగుడుపడలేదు. సక్రమంగా తీరిన అప్పు బ్యాంకు పుస్తకంలో ఒక్క వరస. ఆ వరస కోసం ఎవరు ఏం తినడం మానేశారో, ఎన్ని ఇళ్లలో అంట్లు తోమారో రాసుకోవడానికి ఆ పుస్తకంలో చోటు ఉండదు.

అప్పటినుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. పల్లెల్లో ఆడవాళ్ల పేరు మీద ఉన్న అప్పులు బాగా తీరుతున్నాయంటే దాన్ని వాళ్ల అభివృద్ధికి రుజువుగా చూపించడం మానేయాలని నా అభిప్రాయం. ఆ తీర్చడం వెనక ఒక పెద్ద పని ఉంది. ఆ పని దాదాపు మొత్తం ఆడవాళ్లే చేస్తున్నారు. ఆ అప్పుతో ఇంటికి సమకూరినదాని మీద మాత్రం వాళ్ల పేరు ఉండటం లేదు.

ఊళ్లో అప్పు, బెంగళూరులో కంతు

బెంగళూరు మున్నేకొళాలలో వలస వచ్చినవాళ్లు ఉండే రేకుల గదుల వరసలు చూసినవాళ్లకు నేను చెప్పబోయే మనిషి కొత్త కాదు. కదిరి దగ్గర పల్లె. నలభై దాటాయి. మా అపార్ట్‌మెంటులో మా ఇంటితో కలిపి మూడిళ్లలో పని, సాయంత్రం ఇంకొక ఇంట్లో వంట. చిన్న కొడుకుతో, ఊరివాళ్లే ఇంకో ఆవిడతో కలిసి ఒక గదిలో ఉంటుంది. భర్త, అత్తగారు ఊళ్లో ఉన్నారు. నాలుగెకరాల మెట్ట, రెండు బర్రెలు.

మొదటి బోరు కొన్నేళ్లు పోసి ఎండిపోయింది. రెండోది ఆరువందల అడుగులు దాటినా తడి తగల్లేదు. అనంతపురం వైపు వాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. బోరు బండి నీళ్లు పడినా డబ్బు తీసుకుంటుంది, పడకపోయినా తీసుకుంటుంది. ఆ డబ్బు మూడుచోట్ల నుంచి వచ్చింది. సంఘంలో ఆమె వాటా లోను, ఫైనాన్స్ కంపెనీ గ్రూపు లోను, ఊళ్లో ఒకాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్ష. కమ్మలు, గొలుసు కుదవలో ఉన్నాయి.

లెక్కలన్నీ నోటికే చెబుతుంది. నాలుగిళ్లూ కలిపి నెలకు పదిహేడు వేలు. సంఘానికి 2,800. ఫైనాన్స్‌కు 3,400. లక్షకు వడ్డీ 3,000, అసలు అలాగే ఉంటుంది. ఇక్కడ గదుల వాళ్లు కలిసి వేసుకునే చీటీకి 1,000. గది అద్దెలో వాటా 2,500. ఇవన్నీ పోను 4,300 మిగులుతాయి. అందులోనే ఇద్దరి తిండి, పిల్లవాడి ఫీజు, ఫోన్ రీచార్జి, ఊరికి వెళ్లిరావడం. పాలు పోయించుకోవడం మానేసి చాలాకాలమైందట.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటుంది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే ఇలాంటి అప్పుల విషయంలో, నెల కంతులన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదు. మంచి ఉద్దేశంతో పెట్టిందే. ఒకప్పుడు ఒకే మనిషికి నలుగురు అప్పులిచ్చిన కాలం మనకు తెలుసు. ఈ అక్క లెక్క ఆ నిబంధనలో సరిగ్గా ఇమిడిపోతుంది. సంఘం, ఫైనాన్స్ కలిపితే 6,200, సగానికి చాలా తక్కువ. ఊళ్లో వడ్డీకి తెచ్చిన లక్ష ఏ క్రెడిట్ రిపోర్టులోనూ కనిపించదు. అది పక్కనపెట్టినా నన్ను ఆపేది ఇంకొకటి. ఆ పదిహేడు వేలు రావడానికి ఆమె పొద్దున అయిదున్నరకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిదికి గదికి చేరుతోంది. నిబంధన రూపాయలు లెక్కపెడుతుంది, గంటల జోలికి వెళ్లదు. ఆదాయం సరిపోకపోతే అయిదో ఇల్లు పట్టుకోవచ్చు, అప్పుడు అర్హత ఇంకా పెరుగుతుంది.

సంతకం నాది గదా

పని అంటే కూలి దొరికే పని ఒక్కటే అనుకుంటే అప్పు తీర్చడంలో సగం మనకు కనబడదు.

నెల మొదటివారంలో ఒకరోజు ఆమె మా ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఊరి నుంచి సంఘం లీడరు ఫోన్ చేసింది. చేతులు తుడుచుకుని బాల్కనీలోకి వెళ్లింది. అయిదు నిమిషాలు కూతురి కాన్పు ఎట్లుంది, మనవడు పాలు తాగుతున్నాడా అని మాట్లాడాక అసలు సంగతికి వచ్చింది. ఒక ఇంటివాళ్లు ఊరెళ్లారు, జీతం రెండురోజులు ఆలస్యమవుతుంది. లీడరుకు ఆ రెండురోజులు లేవు, మిగతా తొమ్మిదిమంది కట్టేశారు. ఫోన్ పెట్టేసి గదిలో ఉండే ఆవిడకు చేసింది. ఆమె దగ్గర లేదు. అక్కడే అపార్ట్‌మెంటులో హౌస్‌కీపింగ్ చేసే ధర్మవరం అమ్మాయికి చేసి రెండువేలు చేబదులు అడిగింది. ఆ అమ్మాయి తన చెల్లెలి సీమంతానికి ఈమె వచ్చి చీర పెట్టిన సంగతి గుర్తుచేసుకుని ఇచ్చింది. మళ్లీ లీడరుకు ఫోన్. ఈ మొత్తానికి అరగంట పైన పట్టింది. ఆరోజు మా పక్కింటికి ఆలస్యంగా వెళ్లి మాట పడింది.

"మీ ఇంటాయనకు లీడరు ఎప్పుడైనా ఫోన్ చేస్తుందా అక్కా?" అని అడిగాను.

"ఆయప్పకెందుకు చేస్తాది మేడం, సంతకం నాది గదా" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

2024లో దేశమంతా జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. వంట, శుభ్రం, నీళ్లు, బట్టలు ఇవన్నీ అందులో ఉంటాయి. బాల్కనీలో గడిచిన ఆ అరగంటను ఏ గడిలో వేస్తారు? సర్వేవాళ్లు అడిగితే "ఫోన్ మాట్లాడాను" అని చెబుతుంది. నిజానికి ఆ ఇంట్లో ఆరోజు జరిగిన అన్నిటికంటే బరువైన పని అది. తేదీలు గుర్తుపెట్టుకోవడం, ఎవరి దగ్గర ఎప్పుడు డబ్బు ఉంటుందో తెలుసుకుని ఉండటం, రేపు అడగాల్సి వస్తుందని ఈరోజు సీమంతానికి చీర తీసుకెళ్లడం, మీటింగులో నాలుగు మాటలు పడి నోరు మెదపకుండా రావడం. ఒక కంపెనీలో అయితే దీనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారు.

ఇందులో ఒంటితో చేసే చెల్లింపు కూడా ఉంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయి. ఆ ఆపరేషన్లకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ అప్పుకు ముడిపెట్టను. కానీ ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు పడుకోవాలన్నది డాక్టరు చెప్పినట్టు కాక కంతు తేదీని బట్టి నడిచిన ఇళ్లు నేను చూశాను.

కాగితం ఎవరిది

2019లో కేంద్రం చేయించిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటున ఒక్కో కుటుంబం మీద 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121. ఈ అంకెలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి, మీరూ చదివే ఉంటారు. వాటిని చూసినప్పుడల్లా నాకు తోచేది, "కుటుంబం మీద అప్పు" అన్నప్పుడు లోపల ఉన్న విభజన మాయమైపోతుందని.

పంట రుణం పట్టాదారు పాస్ పుస్తకం మీద ఇస్తారు. పాస్ పుస్తకం చాలా ఇళ్లలో మగవాళ్ల పేరు మీదే ఉంటుంది. సంఘం లోను, ఫైనాన్స్ లోను ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు. డబ్బు ఇంట్లోకి వచ్చాక కలిసిపోతుంది. బోరుకు పోతుంది, కూతురి పెళ్లికి పోతుంది, మామగారి ఆస్పత్రికి పోతుంది. తిరిగి కట్టేటప్పుడు మళ్లీ విడిపోతుంది. పాస్ పుస్తకం మీద అప్పు ఏడాదికోసారి రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చు. మాఫీ వస్తుందేమో అని ఎదురుచూడవచ్చు. ఆడవాళ్ల అప్పు వారంవారం, నెలనెలా గుమ్మంలోకి వస్తుంది. పక్కింటామె పూచీ ఉంది కాబట్టి ఎగ్గొట్టడమంటే రోజూ కుళాయి దగ్గర కలిసే మనిషిని ఎగ్గొట్టడమే.

మాఫీల్లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2014 ఎన్నికల్లో రైతు రుణాలు, డ్వాక్రా రుణాలు రెండూ మాఫీ అన్నారు. అమలుకు వచ్చేసరికి రైతు కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ అన్నారు, సంఘం సభ్యురాలికి పెట్టుబడి నిధి పేరుతో పదివేలు అన్నారు, అవీ విడతల్లో. మాఫీ వస్తుందని కట్టడం ఆపిన సంఘాల మీద వడ్డీ పెరిగింది. తర్వాతి ప్రభుత్వం ఆసరా పేరుతో 2019 ఏప్రిల్ నాటికి ఉన్న బకాయిలను నాలుగు విడతల్లో వేసింది. అది నిజంగా చాలామందికి ఊపిరి. కానీ ఆ డబ్బు చేతికొచ్చేలోపే ఎక్కువమంది తమ కంతులు తాము కట్టేసుకుంటూ వచ్చారు, ఎలా కట్టారన్నదే నా ప్రశ్న.

ఇక్కడ మగవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. నేను చెబుతున్న అక్క భర్త తాగుబోతు కాదు, సోమరి కాదు. వేరుసెనగ పోయిన ప్రతిసారీ ఉపాధి పనికి వెళ్లాడు. మంచంలో ఉన్న తల్లిని చూసుకుంటున్నది ఆయనే. అనంతపురం వైపు అప్పుల బాధకు ప్రాణాలు తీసుకున్న రైతుల్లో ఎక్కువమంది మగవాళ్లే. ఆ బరువు చిన్నదని నేననను. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. 2004లో ప్రభుత్వం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష సాయంతోపాటు అప్పుల పరిష్కారానికి విడిగా 50 వేలు పెట్టింది. ఎందుకంటే మనిషి పోయినా అప్పు పోదు. అది భార్య చేతికి వస్తుంది, ఆమె సంతకం ఎక్కడా లేకపోయినా.

సంఘాలు లేకుంటే బాగుండేదా?

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే ఆడవాళ్లకు అప్పులివ్వడమే తప్పంటావా అని అడగవచ్చు. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను.

మా పిన్ని సంతకం పెట్టడం నేర్చుకున్నది సంఘంలోనే. మండల ఆఫీసులో కుర్చీలో కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నదీ అక్కడే. నెల్లూరు జిల్లాలో సారా మీద పోరాడిన ఆడవాళ్లు ఆ తర్వాత పొదుపు మొదలుపెట్టిన చరిత్ర మనది. ఎవరో పైనుంచి తెచ్చిపెట్టిన పథకమని దాన్ని తీసిపారేయలేం. అయిదు రూపాయల వడ్డీకి తెచ్చుకుని, వడ్డీ కిందే గొడ్డునూ గోదనూ పోగొట్టుకున్న కాలం నుంచి పావలా వడ్డీకి, ఆ తర్వాత సున్నా వడ్డీకి రావడం చిన్న విషయం కాదు.

అప్పు ఆపేస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2010 అక్టోబరులో, వారం కంతుల వేధింపులకు ఆడవాళ్లు చనిపోతున్నారన్న వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రూపు లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి. గుమ్మం ముందు కూర్చునే మనిషి రావడం మానేశాడు. ఆ ఉపశమనం ఎంత పెద్దదో అప్పట్లో ఊళ్లలో ఉన్నవాళ్లకు తెలుసు. కానీ స్కూలు ఫీజు జూన్‌లో కట్టాలి, ఆస్పత్రి రాత్రికి రాత్రి అడుగుతుంది. ఆ అవసరాలు ఆర్డినెన్స్‌తో ఆగలేదు. చాలామంది మళ్లీ పాత వడ్డీవ్యాపారి గుమ్మానికే వెళ్లారు, ప్రామిసరీ నోటు రాసి. నిరుడు, అంటే 2025 మొదట్లో, కర్ణాటకలో కూడా ఇదే జరిగింది. ఫైనాన్స్ వాళ్ల ఒత్తిడికి ఇళ్లకు తాళాలు వేసి ఊరొదిలి వెళ్లిపోయిన కుటుంబాల గురించి రోజూ వార్తలొచ్చాయి. ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్స్ వచ్చింది, పదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. అవసరమైనదే. కానీ అది వసూలు చేసే తీరును అదుపు చేస్తుంది, వసూలయ్యే డబ్బు ఎవరి ఒంటి నుంచి వస్తుందన్నది దాని పరిధి కాదు.

కాబట్టి అప్పు వద్దని నేననడం లేదు. కట్టిన శాతాన్ని చూసి చప్పట్లు కొట్టొద్దంటున్నాను.

అప్పు ల్యాకుంటే నన్ను పంపించుంటారా

నా వాదనకు అన్నిటికంటే గట్టి అడ్డు వచ్చింది బ్యాంకు మేనేజరు గారి నుంచి కాదు, ఆ అక్క నుంచే.

ఒకరోజు మాటవరసకు, "ఈ అప్పులన్నీ తీరిపోతే ఎంత హాయో కదా అక్కా" అన్నాను. ఆమె సంతోషంగా తలూపుతుందనుకున్నాను. "తీరితే ఊరికి రమ్మంటారు మేడం" అంది. కాసేపాగి, "అప్పు ల్యాకుంటే నన్ను ఈడికి పంపించుంటారా?" అని నన్నే అడిగింది.

వాళ్లలో పరాయి ఇంట్లో అంట్లు తోమడం తలవంపు. ఊళ్లో ఇప్పటికీ ఆమె "కంపెనీలో" చేస్తోందనే చెబుతారు. అప్పు మెడమీదికి వచ్చింది కాబట్టి అత్తగారు సరే అంది, భర్త సరే అన్నాడు, బంధువులు మాట్లాడకుండా ఊరుకున్నారు. ఇక్కడికి వచ్చాక ఆమెకు సొంత ఫోన్ వచ్చింది. సొంత చీటీ ఉంది. ఆదివారం మారతహళ్లి దాకా వెళ్లి కొడుక్కి చొక్కా కొంటే ఎవరికీ చెప్పి వెళ్లాల్సిన పనిలేదు. కన్నడంలో కండక్టరుతో పోట్లాడగలదు. అపార్ట్‌మెంటులో ఒకావిడ జీతం కోస్తే, అందరూ కలిసి ఆ ఇంటికి పని మానేయాలని మిగతావాళ్లను ఒప్పించింది ఈమే. ఇదంతా వదిలి మళ్లీ బర్రెల దగ్గరికి వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. అప్పు ఆమెకు భారమే, కానీ ఇల్లు దాటడానికి దొరికిన అనుమతి కూడా అదే.

ఇది విన్నాక నేను రాద్దామనుకున్నది రాయాలా వద్దా అని తటపటాయించాను. అప్పు ఆమె శ్రమను పిండుతోందని నేనంటుంటే, ఆ శ్రమకు ఒక బజారు చూపించింది అప్పేనని ఆమె అంటోంది. ఆమె అనుభవం ఆమెది, దాన్ని తోసిపుచ్చే హక్కు నాకు లేదు.

అయితే ఆమె మాటల్లోనే ఇంకో సంగతి ఉంది. ఆ స్వేచ్ఛ ఆమె సొంతం కాలేదు, అప్పు ఉన్నంతవరకే చెల్లుతుంది. తీరిన రోజు వెనక్కి రమ్మంటారు. లేదా, తీరకముందే కొత్త అప్పు పుడుతుంది. ఇంకో ఏడాదిలో సంఘం లోను అయిపోతుందనగా ఊళ్లో మూడో బోరు మాట మొదలైంది. రెండు బోర్లు ఎండిన ఇంట్లో మూడోదానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? బెంగళూరు నుంచి వచ్చింది. నెలకు పదివేలు ఆగకుండా కట్టగలదని ఈ కొన్నేళ్లలో అందరికీ తెలిసిపోయింది. ఆమె సంపాదన ఆమెకు ఆస్తి కాలేదు, ఇంటికి కొత్త అప్పు పుట్టించే పూచీ అయింది. లీడరు కూడా "నీకైతే ఎంతైనా ఇప్పిస్తా" అందట.

పల్లెల్లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పనిచేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్ల శాతం 2017-18లో 24.6 ఉండేది, 2023-24కు 47.6 అయిందని ప్రభుత్వ సర్వే చెబుతోంది. ఆరేళ్లలో దాదాపు రెట్టింపు. దీన్ని మహిళల ముందడుగుగా చెప్పుకుంటున్నారు. పెరిగినవాళ్లలో ఎక్కువమంది స్వయంఉపాధి కింద, సొంత పొలంలో, సొంత కొట్టులో జీతం లేని సాయంగా ఉన్నారని అదే సర్వేలో ఉంది. ఈ పెరుగుదలంతా అప్పు వల్లే అని నేను చెప్పలేను. కానీ ఆ అంకె చూసిన ప్రతిసారీ, వీళ్లలో ఎంతమంది ఇష్టపడి వచ్చారు, ఎంతమందిని కంతు తోసుకొచ్చింది అన్న ప్రశ్న అడగకుండా సంబరపడటం నావల్ల కాదు.

పీఎఫ్ కోసం రోడ్డెక్కిన రోజు

బెంగళూరులో ఉన్నవాళ్లకు 2016 ఏప్రిల్ గుర్తుండే ఉంటుంది. గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్లు వేలాదిగా వచ్చి హోసూరు రోడ్డును, మైసూరు రోడ్డును ఆపేశారు. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం కొత్త నిబంధన పెట్టింది. రెండురోజుల్లో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న చాలామంది, ముసలితనం కోసం దాచమంటే ఇంత గొడవ దేనికి అన్నారు.

దేనికంటే, ఆ ఫ్యాక్టరీల్లో చేసే ఆడవాళ్లకు జీవితం మొత్తంలో ఒక్కసారిగా చేతికొచ్చే మొత్తం అదొక్కటే. హిందూపురం వైపు నుంచి వచ్చి బొమ్మనహళ్లిలో ఉంటూ టైలరుగా చేసే ఒకామె నాకు తెలుసు. అప్పు గొంతు మీదికి వచ్చినప్పుడల్లా ఉద్యోగం మానేస్తుంది. కొన్నాళ్లు ఖాళీగా ఉండి పీఎఫ్ తీసుకుంటుంది. అప్పు కట్టి, మళ్లీ ఇంకో ఫ్యాక్టరీలో కొత్తగా చేరుతుంది. చుట్టుపక్కల చాలామంది చేసే పనే అది. దీనివల్ల పోయేది పీఎఫ్ ఒక్కటే కాదు. అయిదేళ్లు వరసగా చేస్తేగానీ గ్రాట్యుటీ రాదు, ఆమెకు ఎక్కడా అయిదేళ్లు నిండవు. సీనియారిటీ ఉండదు, ప్రతిసారీ కొత్త మనిషి జీతమే. కుట్టుమిషను మీద ఇన్నేళ్ల పనికి వృద్ధాప్యంలో నిలబడాల్సిన ప్రతి ఆసరానూ ముందే అప్పు తీసుకుపోతోంది. ఆ ఖాళీ రోజులు ఇంట్లో ఎలా గడుస్తాయని అడిగితే, చేబదులు అంది.

ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు లేచింది. ఇల్లు మామగారి పేరు మీద ఉంది.

నేను అడిగేది

భార్య సంతకం మీద తెచ్చిన అప్పుతో బోరు వేస్తే, ఆ పొలం కాగితంలో భార్య పేరు చేరాలి. ఇల్లు కడితే ఇంటి మీద చేరాలి. ఇదే నేను అడిగేది. మన దగ్గర కూతురికి ఆస్తిలో సమాన హక్కు చట్టం 1986లోనే వచ్చింది, దేశం కంటే దాదాపు ఇరవై ఏళ్లు ముందు. కానీ అది పుట్టింటి సంగతి. పెళ్లయి వచ్చి పాతికేళ్లు అప్పులు తీర్చిన ఇంట్లో, భర్త బతికుండగా ఆ పొలం మీద ఆమెకు కాగితం ఏమీ ఉండదు. ప్రభుత్వం తలచుకుంటే పేరు మార్చడం కష్టం కాదని కూడా చూశాం. ఆంధ్రాలో ఇళ్ల స్థలాల పట్టాలు లక్షల సంఖ్యలో ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు, ఏ మగవాడూ వద్దనలేదు.

గృహప్రవేశంలో ఆ మేనేజరు గారితో ఈ మాట అంటే ఆయన ఒప్పుకోలేదు. "పొలం మీద పేరు అడగమని సంఘంలో చెబితే, మర్నాడు భర్తలు భార్యల్ని మీటింగుకే రానివ్వరమ్మా. ఉన్నది కూడా పోతుంది" అన్నారు. ఆయన అనుభవం పెద్దది, ఈ భయం వట్టిది కాదు. ఇంకో భయం నాకే ఉంది. ఆమె పేరు మీద భూమి ఉందని తెలిస్తే రేపు అప్పిచ్చేవాళ్లు దాన్నే తాకట్టు అడుగుతారు. ఇప్పటిదాకా ఆమె అప్పుకు ఆమె పనే హామీ, రేపు భూమి కూడా చేరవచ్చు.

అయినా ఎటు తూచి చూసినా నాకు ఇదే సబబుగా తోస్తోంది. భర్తలు మీటింగుకు రానివ్వరన్నది కొంతవరకే. ఎందుకంటే ఆ అప్పు లేకుండా ఇప్పుడు ఇళ్లు నడవవు. సంతకం అవసరమైనప్పుడే ఆమె మాటకు బలం ఉంటుంది. లోను చేతికొచ్చాక ఎవరూ వినరు. సంఘం తీర్మానాల పుస్తకంలో లోను ఎంత, ఎన్ని కంతులు అని రాస్తారు. దేనికోసం అన్నచోట "వ్యవసాయం" అని రాసి వదిలేస్తారు. ఎవరి సర్వే నంబరులో వ్యవసాయం, దాని మీద ఎవరి పేరు అని ఇంకో గడి గీసి రాయడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ఆ గడి ఖాళీగా కనిపించినా చాలు, పదిమందిలో ఆ మాట మొదలవుతుంది.

అక్కతో ఈ సంగతి మాట్లాడాను. మొదట నవ్వేసింది. నాలుగురోజుల తర్వాత తనే, "అట్ల రాయించేదానికి ఎంతవుతాది మేడం?" అని అడిగింది. కుటుంబంలోపల రాసుకునే గిఫ్ట్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ మామూలు అమ్మకం కంటే తక్కువని చెప్పాను. కచ్చితంగా ఎంతో కదిరి రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోమన్నాను. మూడో బోరుకు సంఘం లోను కాగితాలు సిద్ధమయ్యాయి. ఒక ఎకరా తన పేరున రాస్తే సంతకం పెడతానని భర్తకు ఫోన్లో చెప్పింది. ఆయన కోప్పడలేదు, ఒప్పుకోనూ లేదు. ఊరికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం అన్నాడట. అత్తగారు మాత్రం రెండురోజులు మాట్లాడటం మానేసింది. ఉగాదికి వెళ్తోంది. సంతకం ఇంకా పెట్టలేదు.